నలభై ఏడో మలుపు

పదకొండేళ్ళుగా గుడ్డ కప్పి ఉంచిన ఎర్ర కారుని లెక్కల టీచరు ఎట్టకేలకు బయటికి తీసిందనీ, "ఆదివారం కొండెక్కుదాం రావే, ఎవరు ముందో తేలిపోతుంది" అని స్నేహితురాలు పళ్ళ డాక్టరు కవ్వించిందనీ పోయిన వారం చదివారు. మొగుడూ కూతురూ లేస్తారేమోనని చెప్పులు చేత్తో పట్టుకుని, వాళ్ళ గదుల ముందు నుంచి పిల్లిలా నడిచి టీచరు ఇల్లు దాటడం కూడా చదివారు. ఆ రెండు గదుల్లోనూ అప్పటికే ఎవరూ లేరన్న సంగతి మాత్రం ఆవిడకి తెలీదు.

కొండ కింద గేటు దగ్గర రెండు కార్లూ పక్కపక్కన ఆగాయి.

డాక్టరుది వెండి రంగు కొత్త కారు. తలుపు తీయగానే సీటు తనంతట తనే వెనక్కి జరిగి, దండం పెట్టినంత పని చేస్తుంది. నడిపే మనిషి ఆవలిస్తే ముందున్న తెర మీద కాఫీ కప్పు బొమ్మ వేస్తుంది. ఎర్ర కారుకి అంత మర్యాద తెలీదు. అందులోకి ఎక్కడం అంటూ ఉండదు, దాన్ని తొడుక్కోవాలి. దిగడం రెండు విడతల పని. ముందు కాళ్ళు దిగుతాయి, కాసేపటికి మిగతా మనిషి దిగుతుంది.

"నడుం పట్టేస్తే చెప్పు, ఆగుతాను" అంది డాక్టరు అద్దం దించి.

"ఎక్కడో వెనక ఉంటావు కదా, చెప్తే నీకెలా వినపడుతుందే?" అంది టీచరు.

ఆదివారం పొద్దున రెండు గంటల సేపు ఆ దారి కొండ క్లబ్బు వాళ్ళది. పైనా కిందా గేట్లు మూసేస్తారు. మొదటి గంట ఎక్కేవాళ్ళకి, రెండో గంట దిగేవాళ్ళకి. దిగేటప్పుడు కారుకీ కారుకీ మధ్య ఐదు నిమిషాలు ఎడం ఉండాలి. ఎదురొచ్చే బండి ఉండదు కాబట్టి, మనిషికి తన భయం తప్ప వేరే అడ్డం లేదు.

గేటు లేచింది. వెండి కారు చప్పుడు చేయకుండా దూసుకుపోయింది. ఎర్ర కారు మాత్రం వీధి వీధంతా లేచేలా గొంతు సవరించుకుని కదిలింది.

కింద నుంచి మొదటి ఐదు మలుపులూ డాక్టరే ముందుంది. ఆరో మలుపు దగ్గర ఆమె బ్రేకు దీపాలు వెలిగిన చోటు చూసి టీచరు నవ్వుకుంది. మరీ ముందు. ఈవిడ ఇంకో మూడు కార్ల దూరం పోయి, అప్పుడు బ్రేకు తొక్కి, గేరు తగ్గించి, కారు ముక్కుని లోపలి అంచుకి ఆనించినట్టే తిప్పి, రోడ్డు తిన్నగా అవుతుండగా యాక్సిలరేటరు మీద కాలు పూర్తిగా దించేసింది. టైర్లు కూశాయి. పదకొండేళ్ళుగా బోర్డు మీద వర్గమూలాలు రాసిన చెయ్యి, ఆ క్షణాన స్టీరింగు మీద తన పాత పని గుర్తు తెచ్చుకుంది. వెండి కారు పక్కనుంచి దాటుతూ ఆవిడ చూడకుండానే చెయ్యి ఊపింది. ఒకసారి వెనక్కి తిరిగి చూడాలనిపించింది కానీ, గెలిచినవాళ్ళు అలా చూడకూడదు, అది కక్కుర్తి.

కొండ మీదికి చేరేసరికి చెంపలు వేడెక్కి, జుట్టు రేగిపోయి, ఆవిడకి తన వయసు నలభై ఆరని గుర్తే లేదు.

అక్కడితో ఆ ఆదివారం అయిపోయి ఉంటే ఎంత బావుండేది.

పైన విశ్రాంతి భవనం వరండాలో ఒక బల్ల, బల్ల మీద పురికొసతో కట్టిన పుస్తకాల కట్టలు ఉన్నాయి. డాక్టరు ఒక కట్ట విప్పి, పైనున్న పుస్తకం తీసి వెనక దాచుకుంది.

"కళ్ళు మూసుకో."

"ఎందుకే?"

"మూసుకోమన్నానా! ఓడిపోయినదాన్ని, ఆ మాత్రం సరదా తీర్చవా?"

టీచరు కళ్ళు మూసుకుంది. చేతిలోకి ఒక సన్నటి పుస్తకం వచ్చింది. కొత్త కాగితం వాసన. కళ్ళు తెరిచి చూస్తే అట్ట మీద కొండ బొమ్మ, పైన "కొండ దారి: నలభై ఏడు మలుపులు" అని పెద్ద అక్షరాలు, కింద డాక్టరు పేరు, పేరు వెనకాల తోకలా డిగ్రీలు.

"నువ్వు పుస్తకం రాశావా! నాకు ఒక్క మాట..." అని సంతోషంగా మొదలుపెట్టిన టీచరు, చేతికొచ్చిన పేజీ తిప్పింది.

"మలుపు 9. అమాయకంగా మొదలై చివర్లో మూతి తిప్పుకుంటుంది. మొదటి చూపుకి నమ్మకండి."

ఆవిడ నవ్వు సగంలో ఆగింది. ఇంకో పేజీ తిప్పింది.

"మలుపు 17. రెండో గేరు. ఇక్కడ గొప్పలకి పోయినవాళ్ళ అద్దాలు కింద లోయలో మెరుస్తుంటాయి."

అవి ఆవిడ వాక్యాలు. గళ్ళ నోటుబుక్కులో, ప్రతి ఆదివారం కొండ దిగాక, కారు ఇంజను చల్లారేలోపు ఒళ్ళో పెట్టుకుని రాసుకున్నవి. పై గేటు నుంచి లెక్కపెట్టుకుంటూ, ఒక్కో మలుపుకి ఎక్కడ బ్రేకు, ఏ గేరు, కంటికి కనపడనిది ఏముంది. కుడో ఎడమో రాయలేదు, అది కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది కదా అని. పిల్ల చదువు, అత్తగారి మోకాళ్ళు, బళ్ళో ఆదివారం స్పెషల్ క్లాసులు అన్నీ కలిసి కారుకి గుడ్డ కప్పించిన రోజున, ఆ నోటుబుక్కు కూడా బీరువాలో పాత దుప్పట్ల కిందకి పోయింది.

మొదటి పేజీకి వెళ్ళింది. అక్కడ కృతజ్ఞతలు ఉన్నాయి. "ఈ ప్రయాణాలన్నిటిలో పక్క సీట్లో ఓపిగ్గా తోడు కూర్చున్న నా ప్రియ స్నేహితురాలికి."

"పక్క సీట్లో కూర్చున్నది ఎవరే?" అంది టీచరు. బళ్ళో ఆ గొంతు వింటే వెనక బెంచీ వాళ్ళు కూడా పుస్తకాలు తెరుస్తారు.

"అబ్బా, మాటవరసకి అలా..."

"పక్క సీట్లో కూర్చున్నది నువ్వు. కళ్ళు గట్టిగా మూసుకుని, నా మోచెయ్యి పట్టుకుని. ఇరవై నాలుగో మలుపులో నా కారులో కక్కావు కూడా. అది కృతజ్ఞతల్లో వెయ్యలేదేం?"

"మెల్లగా అనవే, క్లబ్బు వాళ్ళు వింటున్నారు."

"విననీ! నా బీరువాలో ఉన్న పుస్తకం నీ చేతికెలా వచ్చింది?"

డాక్టరు పురికొసని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. రోగి నోట్లో రెండు చేతులూ పెట్టి కూడా గడగడా మాట్లాడే మనిషి, ఇప్పుడు ఆ పురికొసకి చెప్తున్నట్టు తల దించుకుని అంది.

"అన్నయ్యగారే ఇచ్చారు."

అన్నయ్యగారంటే టీచరు మొగుడే. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. అచ్చులో ఉన్న అక్షరం మీద ఆయనకున్న నమ్మకం పెళ్ళాం నోటి మాట మీద ఎప్పుడూ లేదు. మందు సీసా మీద రాసింది కూడా చివరిదాకా పైకి చదివితే గానీ మూత తీయడు.

"ఆయన ఇచ్చారా? అట్ట మీద నీ పేరు చూసి ఏమన్నారు?"

"అక్షరాలు ఇంకాస్త పెద్దవైతే బావుంటుందన్నారు."

"ఇరవై రెండేళ్ళ కాపురం!" అంది టీచరు, అటుగా వెళ్తున్న కాఫీ ఆయనతో. ఆయన పాపం కప్పులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. "నా చేతిరాత ఆయనకి తెలీదా?"

"తెలుసు కాబట్టే కదే ఒక్క మాట కూడా మార్చనివ్వలేదు! నేను ఆ మూతి తిప్పుకోవడం అదీ తీసేద్దామన్నాను. కుదరదన్నారు. ఒత్తులు మాత్రం సరిచేశారంతే."

"నా ఒత్తులు సరిచేశారా?"

ఎందుకో ఆ మాటే ఆవిడని అన్నిటికంటే ఎక్కువ మండించింది. దొంగతనానికి వచ్చినవాడు పోతూ పోతూ ఇల్లు మురికిగా ఉందని ఊడ్చిపోతే ఎలా ఉంటుంది!

"నువ్వు సభ్యత్వం వదిలేసి ఎన్నేళ్ళయిందో గుర్తుందా?" డాక్టరు కూడా ఇప్పుడు గొంతు పెంచింది. "క్లబ్బు పుస్తకం వెయ్యాలంటే సభ్యుల పేరు ఉండాల్సిందే. బీరువాలో దుప్పట్ల కింద చెదలు తింటుంటే చూడలేక వేయించాం. నలుగురికీ పనికొస్తుందని. తప్పా?"

"నాతో ఒక్క మాట అని వేయిస్తే తప్పు కాదు."

"అడిగితే వద్దంటావని అడగలేదు."

"వద్దంటానని తెలిసి చేసిన పనిని ఏమంటారో నీకు డిగ్రీలిచ్చినవాళ్ళని అడుగు. ఇద్దరూ కూడబలుక్కుని, నన్ను నా పక్క సీట్లోనే కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్ళు ఒకరు, ఇరవై ఆరేళ్ళు ఒకరు నాతో అన్నం తిన్నవాళ్ళు!"

డాక్టరు కళ్ళు తిప్పేసుకుంది. నిజానికి ఆమెకీ లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఎదురుదాడికి దిగింది. "సరే, నీవే మహా గొప్ప మలుపులు. నలభై ఏడూ నువ్వే కట్టించినట్టు!"

నలభై ఏడు.

టీచరు అట్ట వైపు చూసింది. కోపంలో ఇంతసేపూ ఆ అంకె కళ్ళ ముందే ఉండి కూడా బుర్రకెక్కలేదు.

"నలభై ఏడని ఎవరు చెప్పారు?"

"నీ నోటుబుక్కే చెప్పింది."

"ఈ కొండకి ఉన్నవి నలభై ఆరు."

డాక్టరు పగలబడి నవ్వింది. "లెక్కల టీచరు లెక్క తప్పిందా! ఆగవే, ఇది మీ హెడ్మాస్టరుకి చెప్పాల్సిందే."

"నవ్వకు" అంది టీచరు. ఈసారి గొంతు పెద్దది కాదు. అందుకే డాక్టరు నవ్వు ఠక్కున ఆగింది.

అది చాలా ఏళ్ళ నాటి మాట. ముప్పయ్యో మలుపు దగ్గర వాన పట్టుకుంది. కారు పక్కకి ఆపి, ఊరికే కూర్చోవడం ఎందుకని అక్కడికక్కడే ఆ మలుపు గురించి రాసుకుంది. గంటకి వాన తెరిపిచ్చింది. కిందకి దిగాక, అలవాటు కొద్దీ మళ్ళీ అదే మలుపు గురించి ముప్పై ఒకటి అని అంకె వేసి రాసింది. మాటలు వేరు, మలుపు మాత్రం అదే. అక్కడి నుంచి అన్ని అంకెలూ ఒకటి చొప్పున కిందకి జరిగిపోయాయి. నెల తర్వాత గానీ తనకే తెలీలేదు. తెలిశాక దిద్దవచ్చు. దిద్దలేదు. దారి అప్పటికే ఒంటబట్టేసింది, పుస్తకం తెరవాల్సిన అవసరం లేదు. అదీకాక నలభై ఆరింటిని సరిగ్గా లెక్కపెట్టలేకపోయానని ఒప్పుకుంటూ గీతలు కొట్టడం, చూసేవాళ్ళు లేకపోయినా, ఆవిడకి నామోషీ అనిపించింది.

ఆ పేజీ తీసి డాక్టరు ముందు పెట్టింది.

"మలుపు 32. వెడల్పు. దారంతా కనిపిస్తుంది. కాలు తీయక్కర్లేదు, పాడుకుంటూ పోవచ్చు."

"ఇది నిజానికి ముప్పై ఒకటో మలుపు. ముప్పై రెండోది ఇదిగో, కింద ముప్పై మూడని ఉంది చూడు."

డాక్టరు పైకి చదివింది. "కొండ చాటున దాక్కుని, మీద పడేదాకా కనిపించదు. ముందే ఒకటో గేరు. ఇక్కడ అంచుకి గోడ లేదు."

"ముప్పై దాకా అన్నీ సరిగ్గా ఉంటాయే. ముప్పై సార్లు నిజం చెప్పిన పుస్తకాన్ని ముప్పై రెండోసారి ఎవరు అనుమానిస్తారు? పాడుకుంటూ పోవచ్చు అని చదువుకుని, కాలు తీయకుండా వెళ్ళి..." ఆవిడ పుస్తకం టక్కున మూసేసింది. "ఈ కట్టలన్నీ మూసెయ్యి. ఒక్కటి కూడా ఎవరి చేతికీ ఇవ్వకు. ఇవాళ దిగేవాళ్ళకి ఎవరికైనా ఇచ్చావా?"

డాక్టరు దిగే దారి వైపు చూసింది.

"అందుకే కదే నిన్ను ఇవాళ తీసుకొచ్చింది" అంది గొణిగినట్టు. "నువ్వు కిందకి దిగేసరికి వాళ్ళిద్దరూ గేటు దగ్గర నిలబడి నిన్ను ఆశ్చర్యపరుద్దామని... మీ పాప రెండు నెలల్నుంచి నాతో వచ్చి నేర్చుకుంటోంది. క్లబ్బు పసుపు కారు. నీ మాటలు చూసుకుంటూ మొదటిసారి కొండ దిగాలని దాని కోరిక. పక్కన అన్నయ్యగారు కూర్చుని చదువుతానన్నారు. తెల్లవారకముందే క్లబ్బు వ్యానులో వచ్చేశారు."

టీచరు వరండా మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలీదు.

"పసుపు కారు!" అంది పై గేటు మనిషితో.

"మొదటి బండి అదేనమ్మా. వెళ్ళి నాలుగు నిమిషాలైంది. అమ్మాయి చాలా నెమ్మదిగా వెళ్తోంది, భయం లేదు. ఇంకో నిమిషం ఆగితే తర్వాతి బండి..."

"ఫోను?"

"కొండకి ఆ పక్క సిగ్నల్ ఉండదుగా."

ఆవిడ ఎర్ర కారుని ఒక్క విడతలోనే తొడుక్కుంది. అవతలి తలుపు తెరుచుకుని డాక్టరు వచ్చి పడింది.

"నువ్వెందుకు?"

"పక్క సీటు నాదేగా. పోనీ!"

గేటు మనిషి చేతిలోని జెండా అడ్డం పెట్టబోయి, కారు ముక్కు చూసి తనే పక్కకి తప్పుకున్నాడు.

ఆ దిగడం కొండెక్కినప్పటి సరదా కాదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నోరు మాత్రం ఆగలేదు.

"నాకు చెప్పకుండా నా కారు రంగుకి తప్ప అన్నిటికీ వారసుల్ని పెట్టేశారు! ఏడు. నా కూతురికి డ్రైవింగు నువ్వు నేర్పించావా? బ్రేకు ఎక్కడ వెయ్యాలో నీకే తెలీదు! ఎనిమిది."

"ముందు రోడ్డు చూడవే తల్లీ!"

"చూస్తూనే ఉన్నా. తొమ్మిది. ఆయన సంగతి ఇంటికెళ్ళాక. పది."

డాక్టరు ఈసారి కళ్ళు మూసుకోలేదు. కిందకి తొంగి చూస్తూ, పసుపు రంగు ఎక్కడైనా కనిపిస్తుందా అని ఒక్కో మెలికా వెతుకుతోంది. పదిహేడు, ఇరవై, ఇరవై నాలుగు. బ్రేకులు కాలిన వాసన కారంతా నిండింది.

"అదిగో!"

రెండు మెలికల కింద పసుపు కారు. పిల్ల బాగా నడుపుతోంది. తెల్ల రాయి దగ్గర బ్రేకు అని తను రాసిన చోటే బ్రేకు వేస్తోంది. గేరు తగ్గించమన్న చోటే తగ్గిస్తోంది. ఎవరి పేరు అట్ట మీద ఉంటేనేం, తన పదాలే పట్టుకుని ఆ పిల్ల కొండ దిగుతోంది. గర్వపడాల్సిన దృశ్యమే. కానీ ఆ నమ్మకమే దాన్ని ముప్పై రెండో మలుపు దాకా తీసుకుపోతుంది.

హారన్ మీద అరచెయ్యి పెట్టి తీయకుండా నొక్కింది.

కింద పసుపు కారు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. మొగుడి చెయ్యి. దాన్లో పుస్తకం. ఎర్ర కారుని గుర్తుపట్టి, ఆనందంగా అటూ ఇటూ ఊపాడు. రెండో కిటికీలోంచి కూతురి చెయ్యి వచ్చింది. అది ఊపలేదు. దమ్ముంటే పట్టుకో అన్నట్టు ఒక్క వేలు ముందుకి చూపించి లోపలికి పోయింది.

పసుపు కారు వేగం అందుకుంది.

"ఓరి నాయనో" అంది డాక్టరు. "అమ్మ పందానికి వచ్చిందనుకుంటోంది!"

టీచరు చెయ్యి హారన్ మీంచి తీసేసింది. వెంటపడితే పిల్ల ఇంకా రెచ్చిపోతుంది. అచ్చం తనలాగే. పోనీ ఆగిపోతే, ముప్పై రెండో మలుపు గురించి దానికి చెప్పే దిక్కు లేదు. ఉన్న ఒక్క మనిషీ పక్కన కూర్చుని అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదువుతాడు.

ఇరవై ఎనిమిదో మలుపులో ఆవిడ కారుని కొండ వైపుకి తిప్పి ఆపేసింది. డాక్టరు తల ముందుకెళ్ళి వెనక్కి వచ్చింది.

"ఆపావేంటే?"

ఆ మలుపు అంచున, పై చెరువు నుంచి ఊరికి నీళ్ళు తీసుకెళ్ళే పెద్ద పైపు ఉంది. దాని పక్కనే, పైపు బాగుచేసేవాళ్ళ కోసం కట్టిన సన్నటి సిమెంటు మెట్లు తిన్నగా కిందకి పోతాయి. రోడ్డు కొండ ముక్కంతా చుట్టి రెండు కిలోమీటర్ల తర్వాత చేరే చోటికి, ఆ మెట్లు నూట పద్దెనిమిది అంగల్లో చేరతాయి. అక్కడే ముప్పై రెండో మలుపు. అందులో మిగిలిన దూరానికి పసుపు కారుకి ఎంతసేపు పడుతుందో, తన మోకాళ్ళకి నూట పద్దెనిమిది మెట్లు ఎంతసేపు పడతాయో ఆవిడ లెక్క వేసుకుంది. లెక్క కుదరలేదు. అయినా దిగింది.

"కారు నువ్వు మెల్లగా దింపు. హారన్ ముట్టుకున్నావంటే చంపేస్తాను."

"పడిపోతావే! నేను వెళ్తాను, ఉండు..."

"నువ్వు అరిస్తే అది వినదు" అంది టీచరు. "నేను తిడితే వింటుంది."

పైపు పట్టుకుని దిగడం మొదలుపెట్టింది. పది. ఇరవై. నాచు పట్టిన చోట కాలు జారింది, మోచెయ్యి గీసుకుపోయింది. నలభై. కొండకి అవతలి నుంచి పసుపు కారు ఇంజను వినిపిస్తోంది. ముప్పయ్యో మలుపు, గేరు తగ్గింది. చదువుతున్నాడు. ఆ తర్వాత వెడల్పు మలుపులో కూడా గేరు తగ్గే ఉంది, నెమ్మదిగానే పోతోంది. ముప్పయ్యో మలుపు గురించే రెండోసారి చదువుతున్నాడు, పిల్ల పాపం దానికే కట్టుబడి ఉంది. అదొక్కటే దేవుడిచ్చిన వ్యవధి. అరవై. డెబ్భై. ఆకుల మధ్య నుంచి కింద రోడ్డు కనిపించింది, గోడ లేని ఆ అంచు కనిపించింది.

డెబ్భై ఎనిమిది.

అవతల ఇంజను శబ్దం మారింది. గేరు పెరిగింది. ఆ వెనకే ఇంకో గేరు. కాలు పూర్తిగా దించితే గానీ రాని చప్పుడు అది.

పుస్తకంలో ముప్పై రెండో మలుపు చదివేశాడు.

ఇంకా నలభై మెట్లున్నాయి.